ములుగు నేల కింద కదిలినదేమిటి?

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినవారు వచ్చి కూర్చోండి. మాట్లాడడం అయ్యాక చీటీల మీద ప్రశ్నలు రాసి పంపండి. తెలిసినంతవరకు జవాబు చెబుతాను.

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద, సుమారు 40 కిలోమీటర్ల లోతున రాతిపొర ఒకచోట తెగి జారింది. భూకంపం వచ్చింది, పరిమాణం 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ వరకు జనం ఆ కదలికను గుర్తించారు. పెద్దగా నష్టం జరగలేదు. అలాంటి రోజుల్లో రెండు మాటలు ఫోన్లలో చకచకా తిరుగుతాయి. దక్కన్ పీఠభూమికి భూకంపాలు రావు కదా, ఇదేం విడ్డూరం అన్నది ఒకటి. ఇది ముందస్తు హెచ్చరిక మాత్రమే, రాత్రికి పెద్దది రాబోతోంది అన్నది రెండోది. రెండూ నమ్మదగినవి కావు. మొదటిది ఎందుకు తప్పో చెప్పాలంటే హిమాలయాల దాకా, ఆ మాటకొస్తే అంటార్కిటికా దాకా వెళ్లి రావాలి. ఈ సాయంత్రం ఎక్కువ సమయం దానికే పోతుంది.

ముందుగా ఒక సంగతి. ములుగుది గోదావరి లోయలో మొదటి భూకంపం కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 పరిమాణంతో ఇంతకంటే పెద్దదే వచ్చింది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. అరవై ఏళ్లు దాటినవారిలో కొందరికి ఇవి గుర్తుండే ఉంటాయి. అంటే మన నేలకు ఇది అలవాటు లేని పని కాదు. అరుదుగా చేస్తుంది, అంతే. ఒక తరం చూసినదాన్ని తరువాతి తరం మరిచిపోవడానికి ఆ అరుదే సరిపోతోంది.

మనం నిలబడిన నేల ఒకే ముక్క కాదు. భూగోళపు పైభాగం, అంటే భూపటలమూ దాని కిందనున్న ప్రావారంలోని (మాంటిల్‌లోని) గట్టి పొరా కలిసి, సుమారు నూరు కిలోమీటర్ల మందాన పెద్దవీ చిన్నవీ ఫలకాలుగా విడిపోయి ఉంది. వాటి కింద లావా సముద్రం ఉందని, ఫలకాలు దాని మీద తెప్పల్లా తేలుతున్నాయని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాల బొమ్మలు కూడా ఈ అపోహను పెంచాయి. అక్కడ ఉన్నది ఘన పదార్థమే. కానీ విపరీతమైన వేడి వల్ల లక్షల ఏళ్ల లెక్కన చూస్తే అది మెల్లగా పారుతుంది. సముద్రగర్భంలో పాతబడి చల్లబడిన ఫలకం బరువెక్కి ప్రావారంలోకి మునిగిపోతూ తన వెనకున్న భాగాన్ని లాక్కుపోతుంది. ఫలకాల కదలికకు ఈ లాగుడే అన్నిటికంటే పెద్ద కారణమని నేటి శాస్త్రవేత్తలలో ఎక్కువమంది భావిస్తారు.

ఖండాలు కదులుతాయని 1912లో గట్టిగా చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఆయన భూగర్భ శాస్త్రవేత్త కాదు, వాతావరణ శాస్త్రవేత్త. తమ ఇంటి సంగతి పక్కింటివాడు చెప్పాడన్న కోపం కూడా భూగర్భ శాస్త్రవేత్తలలో కొంత ఉండి ఉంటుందని నా అనుమానం. అయితే వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. ఖండాన్ని నెట్టే బలం ఏదని అడిగితే ఆయన దగ్గర సరైన జవాబు లేదు. 1930 నవంబర్‌లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేనాటికి ఆయన సిద్ధాంతాన్ని అంగీకరించినవారు కొద్దిమందే.

కానీ ఆయన చూపించిన సాక్ష్యాలలో కొన్ని మన ఊళ్ల కిందే ఉన్నాయి. సింగరేణి బొగ్గు గని నుంచి వచ్చే రాతిపలకల్లో నాలుక ఆకారపు ఆకుల ముద్రలు దొరుకుతాయి. గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకులవి. సుమారు 27 కోట్ల ఏళ్ల కిందటి ఆ అడవులే కూరుకుపోయి మన బొగ్గు అయ్యాయి. ఇవే ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరికాయి. దక్షిణ ధ్రువానికి వెళ్లి తిరిగి వస్తూ 1912లో ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం గుడారంలో ఆ శిలాజాలున్న రాళ్లు కూడా దొరికాయి. చావు ముంచుకొస్తున్నా వారు ఆ బరువును వదల్లేదు. ఇంకా చిత్రమేమిటంటే, బొగ్గు పొరలకు అడుగున హిమానీనదాలు మోసుకొచ్చి పడేసిన గుండ్రాళ్ల పొర ఉంటుంది. చంద్రపూర్ జిల్లాలో, పెన్‌గంగ పరిసరాల్లో, మంచు ఒరుసుకుంటూ పోయిన గీతలు సున్నపురాతి మీద కనిపిస్తాయి. మే నెలలో నలభై ఆరు డిగ్రీలు కాసే చోట హిమానీనదం! ఆ కాలంలో మన భూమి దక్షిణ ధ్రువానికి చేరువలో, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే ఒకే భూఖండంగా ఉండేది.

దీన్ని కొలిచి చూపించే అవకాశం 1950లలో వచ్చింది. వికారాబాద్, తాండూరు వైపు వెళ్లినవారు నల్లరాతి మెట్టలను చూసే ఉంటారు. 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా అది. పడమటి కనుమల నుంచి మన రాజమండ్రి దాకా వచ్చింది. గోదావరి ఒడ్డున కాటేరు, పంగిడి దగ్గర కనిపించే నల్లరాయి దాని తూర్పు కొస. లావా చల్లబడేటప్పుడు దానిలోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటే అటు తిరిగి అలాగే గట్టిపడిపోతాయి. ఆ క్షేత్రపు వాలు భూమధ్యరేఖ దగ్గర దాదాపు సున్నా, ధ్రువం దగ్గర నిట్టనిలువు. కాబట్టి రాయిలో నిలిచిపోయిన వాలును కొలిస్తే ఆ రాయి ఏ అక్షాంశం దగ్గర పుట్టిందో తెలుస్తుంది. లండన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు దక్కన్ రాళ్లను కొలిచారు. ఈ లావా పుట్టినప్పుడు మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని తేలింది. నేటి లెక్క ప్రకారం అది సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం. అక్కడి నుంచి ఇక్కడికి ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు.

అదే దశాబ్దంలో అమెరికాలో మేరీ థార్ప్ అనే ఆమె సముద్రపు లోతుల కొలతలను పటంగా గీస్తూ అట్లాంటిక్ నడిమధ్యన ఒక పర్వతశ్రేణి, దాని నడినెత్తిన ఒక చీలిక ఉన్నాయని గుర్తించింది. మొదట్లో ఆమె మాటను తోటివారే కొట్టిపారేశారు. ఆ చీలికలోంచి కొత్త నేల పుట్టి రెండు వైపులకూ జరుగుతుందని 1960ల మొదట్లో హ్యారీ హెస్ వాదించాడు. 1963లో వైన్, మాథ్యూస్ సముద్రపు నేలలోని అయస్కాంత చారలతో దానికి బలమిచ్చారు. ఆ దశాబ్దం ముగిసేనాటికి వాదన ముగిసినట్టే. వెగెనర్ చెప్పింది నిజమే, పూర్తిగా ఆయన చెప్పిన పద్ధతిలో కాకపోయినా.

భారత ఫలకం ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. ఫలకాలకు అది మహావేగం. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట వచ్చి ఆసియాను గుద్దుకుంది. మధ్యనున్న సముద్రం మూసుకుపోయింది. ఎవరెస్టు శిఖరం మీద ఉన్నది సముద్రజీవుల శిలాజాలున్న సున్నపురాయి. గుద్దుకున్నాక వేగం తగ్గింది కానీ ఆగలేదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉపగ్రహాల సాయంతో నేల కదలికను నిరంతరం కొలిచే కేంద్రం ఉంది. మనం ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నాము, ఈ హాలుతో సహా.

ఆ కదలికలో దాదాపు 2 సెంటీమీటర్లను హిమాలయాలే దిగమింగాలి. అక్కడ భారత ఫలకం వాటి కిందకు దూరుతోంది. రాపిడి వల్ల రెండు రాతి ముఖాలు పట్టేసుకుని ఉంటాయి. కానీ వెనక నుంచి తోపు ఆగదు. వెదురు బద్దను రెండు చేతులతో వంచుతూ పోండి. వంగుతుంది, వంగుతుంది, ఒక్కసారిగా ఫెళ్లున విరిగి చేతులు ఝల్లుమంటాయి. విరిగే క్షణంలో బయటపడిన శక్తి, అప్పటివరకు మీరు వంచుతూ దాచిపెట్టినదే. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తరువాత, సూటిగా కట్టిన కంచెలు భ్రంశం దగ్గర, అంటే రాయి తెగి జారిన బీట దగ్గర, అడుగుల కొద్దీ పక్కకు జరగడం చూసి హ్యారీ రీడ్ ఈ సంగతి తేల్చాడు. హిమాలయాల్లో ఏడాదికి 2 సెంటీమీటర్లంటే నూరేళ్లకు 2 మీటర్లు. ఆ బాకీ తీరక తప్పదు. 1905లో కాంగ్రా, 1934లో బీహార్-నేపాల్, 1950లో అస్సాం, 2015లో నేపాల్‌లోని గోర్ఖా, అన్నీ ఆ బాకీ వాయిదాలే. 1934 భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ అన్నారు. ప్రకృతి ఘటనకు నీతిని ముడిపెట్టడం తగదని టాగూర్ బహిరంగంగా విభేదించారు. అస్పృశ్యత విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. భూకంపం విషయంలో నేను టాగూర్ పక్షం.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ఫలకాల అంచుల్లో భూకంపాలు వస్తాయి, సరే. మనం అంచున లేము. ములుగు నుంచి హిమాలయాలు వెయ్యి కిలోమీటర్లకు పైనే. మరి మనకెందుకు?

ఎందుకంటే ఫలకం గట్టిది. గట్టిది కాబట్టే ఉత్తరపు అంచున పడే ఒత్తిడి ఫలకమంతటా పాకుతుంది. అంతటా ఒకేలా ఉన్న రాయిలో ఆ ఒత్తిడికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. మన నేల అంతటా ఒకేలా లేదు. గోండ్వానా కాలంలోనే గోదావరి లోయ వెంబడి నేల సాగి, బీటలు వారి, కుంగింది. ఆ కుంగిన పల్లంలోనే పొరలు పొరలుగా మట్టి, ఇసుక, బొగ్గు పేరుకున్నాయి. ఇటు ధార్వాడ్ రాతి దిమ్మె, అటు బస్తర్ రాతి దిమ్మె, మధ్యన ఈ పాత గాయం. దాని అంచుల్లో కిన్నెరసాని-గోదావరి, కడెం వంటి భ్రంశాలున్నాయి. గోదావరి నది ఈ దారిన పారడం కూడా యాదృచ్ఛికం కాదు. కోట్ల ఏళ్ల కిందట సాగదీతకు పడిన ఆ బీటల మీద ఈనాడు నొక్కుడు పడుతోంది. అందుకే భద్రాచలం, అందుకే ములుగు. సింగరేణికి బొగ్గును ఇచ్చిందీ, మంచం ఊపిందీ ఒకే లోయ.

ములుగు కంపం అంత దూరం తెలియడానికి కారణం కూడా ఆ గట్టిదనమే. పాత, చల్లని, పగుళ్లు తక్కువైన రాయిలో తరంగాలు త్వరగా సన్నగిల్లవు. మొదట వచ్చేది ప్రాథమిక తరంగం, సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్లు. వెనక వచ్చేది ద్వితీయ తరంగం, సుమారు మూడున్నర. ఊపేది ఎక్కువగా రెండోదే. రెండింటి మధ్య విరామాన్ని సెకన్లలో లెక్కబెట్టి ఎనిమిదితో గుణిస్తే కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ములుగు నుంచి హైదరాబాద్‌కు ఆ విరామం పాతిక సెకన్ల పైమాటే. ఈ తరంగాలను భూకంపలేఖినుల మీద విడివిడిగా గుర్తించినవాడు ఓల్డ్‌హామ్. 1897 షిల్లాంగ్ భూకంపాన్ని పరిశీలించిన భారత భూగర్భ సర్వేక్షణ ఉద్యోగి. 1906లో భూమికి కేంద్ర మండలం ఉందని నిరూపించిందీ ఆయనే.

పరిమాణం గురించి ఒక ఫిర్యాదు చేసుకోవాలి. పత్రికలు ఇంకా "రిక్టర్ స్కేలుపై" అని రాస్తూనే ఉన్నాయి. రిక్టర్ 1935లో దక్షిణ కాలిఫోర్నియా కోసం, ఒక రకం యంత్రం కోసం చేసిన కొలమానం అది. పెద్ద భూకంపాలకు ఇప్పుడు వాడేది భ్రామక పరిమాణం (మూమెంట్ మాగ్నిట్యూడ్). ఎంత వైశాల్యంలో, ఎన్ని మీటర్లు, ఎంత గట్టి రాయి జారిందో దాన్నిబట్టి లెక్క. అంకె ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. రెండు పెరిగితే వెయ్యి రెట్లు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర 9.1 వచ్చింది. ములుగుతో పోలిస్తే శక్తి దాదాపు 5 లక్షల రెట్లు. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చీలిక సాగింది, సముద్రపు నేల లేచి నీటిని తోసింది. రెండున్నర గంటల్లో ఆ నీరు మన కోస్తాకు వచ్చింది. ఆ రెండున్నర గంటల్లో మనకు చెప్పేవారే లేకపోయారు. ఆ తరువాత 2007లో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది.

పరిమాణం ఒక్కటే. కానీ ఏ ఊరు ఎంత ఊగుతుందన్నది లోతును, నేలను బట్టి మారుతుంది. కిల్లారిని తీసుకోండి. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా. పరిమాణం 6.2. వినాయక నిమజ్జనం చేసి వచ్చి అలసి పడుకున్న జనం. దాదాపు పది వేలమంది చనిపోయారు. ములుగులో రాయి 40 కిలోమీటర్ల లోతున తెగితే, అక్కడ పది కిలోమీటర్లలోపే తెగింది. చీలిక నేల మీదికే వచ్చింది. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలో ఉంది. 2002లో ఆ మొదటి మండలాన్నే పటం నుంచి తీసేశారు. ఆ పటంలో హైదరాబాద్ రెండో మండలం, విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడో మండలం.

కిల్లారిలో చంపింది గోడలు. రెండడుగులకు పైగా మందం, గుండ్రాళ్లు, మధ్యన మట్టి. పైన దూలాల మీద అడుగులకొద్దీ మట్టి కప్పు. ఎండకు చల్లగా ఉండే మంచి ఇళ్లే. పక్కకు ఊపితే మాత్రం రాయికి రాయికి పట్టు లేదు. గడ్డి కప్పిన గుడిసెల్లో ఉన్నవారు చాలావరకు బతికారు. కలిగినవాడి ఇల్లు కూలి, లేనివాడి ఇల్లు నిలిచిన రాత్రి అది.

చీటీలు చాలా వచ్చాయి. చూస్తాను.

"రాత్రికి పెద్దది వస్తుందన్న సందేశాలు నమ్మాలా?" వద్దు. ఏ రోజు, ఏ చోట, ఎంత పరిమాణమని ఎవరూ ముందుగా చెప్పలేరు. చైనాలో 1975 ఫిబ్రవరిలో హైచెంగ్‌ను ముందే ఖాళీ చేయించి ఎందరినో కాపాడారు. శాస్త్రం గెలిచిందనుకున్నారు. పద్దెనిమిది నెలలు తిరగకముందే తాంగ్‌షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండా వచ్చిన భూకంపానికి అధికారిక లెక్కలోనే రెండు లక్షల నలభై వేలమంది పోయారు. చిన్న కంపాలు పెద్దదానికి సూచన కాదా అంటారు. కిల్లారిలో అంతకుముందు ఏడాది చిన్న కంపాలు వచ్చిన మాట నిజం. మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో 2018 నుంచి వందల కంపాలు వచ్చాయి, పెద్దది రాలేదు. ఏది ఏ కోవకు చెందుతుందో వచ్చాకే తెలుస్తుంది. జపాన్‌లో ఫోన్లకు వచ్చే హెచ్చరిక జోస్యం కాదు. భూకంపం మొదలయ్యాక ప్రాథమిక తరంగాన్ని పట్టి, రెండోది చేరేలోగా చెప్పే కబురు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒక నిమిషం.

"ఆనకట్టల వల్ల భూకంపాలు వస్తాయా?" కొన్నిచోట్ల వస్తాయి. మహారాష్ట్రలోని కోయనా జలాశయం 1962లో నింపడం మొదలుపెట్టారు, కంపాలూ మొదలయ్యాయి. 1967 డిసెంబర్‌లో 6.3 పరిమాణంతో వచ్చినదానికి సుమారు 180 మంది చనిపోయారు. ఇన్ని దశాబ్దాలైనా అక్కడ కంపాలు ఆగలేదు. అందుకే కేంద్ర భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ అక్కడ మూడు కిలోమీటర్ల లోతున పరిశోధన కోసం బోరు వేసింది. నీరు పగుళ్లలోకి దిగి రాపిడిని తగ్గిస్తుంది. అయితే అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న భ్రంశం అక్కడ ఉండాలి. పెద్ద జలాశయాలలో ఎక్కువ భాగం ఏ భూకంపాన్నీ తేలేదు.

"కంపం వస్తే బయటికి పరుగెత్తాలా?" కింది అంతస్తులో, గుమ్మం రెండడుగుల్లో ఉండి, బయట ఖాళీ స్థలం ఉంటే వెళ్లండి. పై అంతస్తులో ఉంటే మెట్ల వైపు, లిఫ్టు వైపు పోవద్దు. గట్టి బల్ల కిందకు దూరి దాని కాలు పట్టుకోండి. అద్దాలకు, బీరువాలకు దూరంగా ఉండండి.

చివరి చీటీ. "మేము అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొంటున్నాము, ఏమి చూడాలి?" ఇది అసలైన ప్రశ్న. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 240 కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టిన పార్కింగ్ ఉంది. పైన గోడలతో బిగువుగా, కింద బలహీనంగా ఉంటే ఊపంతా ఆ కింది పిల్లర్ల మీదే పడుతుంది. మన నగరాల్లోని భవనాల్లో చాలావరకు ఆ పద్ధతిలోనే కట్టినవి. కాబట్టి పార్కింగ్ అంతస్తు పిల్లర్లు పైవాటికంటే బలంగా ఉన్నాయా, అడ్డంగా కాంక్రీటు గోడలు ఎక్కడైనా వేశారా అని నిర్మాణ ఇంజనీరును అడగండి. నేల గురించి కూడా అడగండి. డెల్టా ఒండ్రు మట్టి, పూడ్చిన చెరువు కంపాన్ని పెంచుతాయి. 1985లో మెక్సికో నగరం 350 కిలోమీటర్ల దూరంలోని భూకంపానికి కూలింది, పాత సరస్సు మీద కట్టినందుకే. ఇల్లు మీరే కట్టించుకుంటుంటే పిల్లర్ల కడ్డీలు కట్టే రోజున మేస్త్రి దగ్గరకు వెళ్లండి. నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగులు పిల్లర్ పైకొసల్లో, కింది కొసల్లో దగ్గరదగ్గరగా ఉండాలి. రింగు కొసలు మూలమట్టంగా వంచి వదిలేయకుండా, ఇంకా లోపలికి, 135 డిగ్రీల దాకా వంచి కాంక్రీటు మధ్యలోకి దిగేలా ఉండాలి. సెంట్రింగ్ బిగించి కాంక్రీటు పోశాక చూద్దామంటే ఏమీ కనిపించదు.